సున్నా రాసే ముందు

నాతో పనిచేసిన నర్సు, మా పెద్ద సిస్టరుగారు పోయిన కబురు నాకు ముదినేపల్లి దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద అందింది. ఉదయం ఎనిమిదయ్యుంటుంది. కాపలా పాకలో ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని, ఒళ్ళో ఫారం పెట్టుకుని, "సున్నా నుంచి పది దాకా అనుకుంటే మీ నొప్పి ఇవాళ ఎంతండీ?" అని అడుగుతున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. గుడివాడ నుంచి ఆవిడ తమ్ముడుగారు. "అక్కయ్య తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారండీ," అన్నారు. సరేనండీ అన్నాను. అలాంటి మాటకి సరేనేమిటి? ఫోన్ జేబులో పెట్టుకుని పెద్దాయన్ని మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. ఆయన చెప్పాడు. నాకు వినపడలేదు. మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగేసరికి ఆయన నా మొహంలోకి చూసి, "ముందు మీరు కాసిని మంచినీళ్ళు తాగండి బాబూ," అని బిందె దగ్గరికి లేచాడు. కుడిచెయ్యి దేనికీ ఆనించకుండా లేచాడు. అంత గాభరాలోనూ నా కళ్ళు అది గమనించాయి. అలా చూడటం నాకు ఆవిడ నేర్పిందే.

సమాధి కార్యక్రమం అయిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. అప్పట్నుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని ఇప్పటికి మూడుసార్లు వీధిలోకి వెళ్ళొచ్చాను. నాకు రాత అంటే ఫారాలు నింపడమే. ఎవరినైనా తలుచుకుంటూ రాయడం ఇదే మొదలు. ఆవిడ బతికుండి ఇది చూస్తే సగం కొట్టేయించేవారు. అయినా రాస్తాను, ఎందుకంటే నేను చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి ఉంది. ఆ మాట దగ్గరికి వచ్చేదాకా కొంచెం ఓపిక పట్టండి.

ఆవిడ బందరులో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైన కొన్నాళ్ళకి రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆపరేషనూ కీమో అయ్యాక జబ్బు సర్దుకుంది గానీ, ఆ కీమో మందులు అరికాళ్ళలో నరాలని దెబ్బతీశాయి. మంట, సూదుల పోట్లు, రాత్రీ పగలూ. ఇంకొకరైతే ఇంటిపట్టున కూర్చునేవారు. ఈవిడ మా పరిశోధనలో చేరారు. పేషెంటుగా కాదు, నర్సుగా.

మా పరిశోధన సర్పి గురించి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళ నరాల్లో ఆ వైరస్ అలాగే పడి ఉండి, వయసు మళ్ళాక ఒంటికి ఒకవైపున నీటిపొక్కులుగా లేస్తుంది. మా వైపు ఎర్రమన్ను పూయించుకునేవాళ్ళు కొందరు, మోపిదేవి వెళ్ళి మొక్కుకునేవాళ్ళు కొందరు. పొక్కులు రెండు మూడు వారాల్లో మాడిపోతాయి. కానీ కొందరికి ఆ చోట నొప్పి మాత్రం నెలలూ ఏళ్ళూ ఉండిపోతుంది. చొక్కా తగిలినా ప్రాణం పోతుందంటారు. వాళ్ళలో సగం మందికి కొత్త మందు మాత్రలు, సగం మందికి పాతవి ఇస్తారు. ఏది ఎవరికి వెళ్ళిందో మాకూ తెలియదు, వాళ్ళకీ తెలియదు. పదిహేను రోజులకోసారి వెళ్ళి నొప్పి ఎంతుందో అడిగి అంకె వెయ్యడం నా పని. పరిశోధన అంటే తెల్లకోటూ గాజుగొట్టాలూ అనుకుంటారు మా బంధువులు. నా పరిశోధన అంతా గుడివాడ, బందరు, నాగాయలంక బస్సుల్లోనే జరిగింది. మా మావయ్య ఏ పెళ్ళిలో కనపడినా, "ఏరా, జనాల నొప్పులు కొలుస్తున్నావంటగా, మీ అత్త నస ఎంతో కూడా కొలిచి చెప్పరా," అంటాడు.

ఆవిడ మొదటి రోజు బందరు బస్టాండుకి తెల్లచీర మీద మందపాటి సాక్సులు, కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చారు. నన్ను చూస్తూనే, "ఇవాళ ఆరు. పద," అన్నారు. బస్సు కదిలాక చెప్పారు, ఆరంటే తన అరికాళ్ళ సంగతి అని. ఆ తరవాత కలిసిన ప్రతి పొద్దునా అంతే. ఎండ ఎలా ఉందో చెప్పినట్టు తన అంకె చెప్పేసేవారు, జాలి పడటానికి సందివ్వకుండా. బస్టాండుల్లో ఎప్పుడూ కూర్చునేవారు కాదు. నిలబడితే మంట ఎక్కువ, నడిస్తే కాస్త నయం. అందుకని ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండేవారు. పక్కన నేను కూడా తిరగాలి, ఎందుకంటే మాటలన్నీ ఆ నడకలోనే.

నాకప్పటికి ఉద్యోగంలో ఏడాది అనుభవం. అన్నీ తెలుసనుకునేవాణ్ణి. మా గుడివాడ వైపు రైతులు నొప్పి ఎంతండీ అంటే పదికి పన్నెండు వేసుకోమనేవారు. తక్కువ చెబితే డాక్టరు తమని పట్టించుకోడని వాళ్ళ భయం. నేను పది వేసి వచ్చేవాణ్ణి. దివిసీమలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ అందరూ "పర్వాలేదు బాబూ" అనేవారు. పర్వాలేదంటే నేను రెండో మూడో వేసుకునేవాణ్ణి. ఆవిడ నా ఫారాలు తిరగేసి, "పర్వాలేదు అనేది అంకె కాదు అబ్బాయ్," అన్నారు. అంతే. తిట్టలేదు.

ఆ వారమే కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ, "ఏం లేదమ్మా, తగ్గిపోయింది, సున్నా వేసుకో," అంది. నేను పెన్ను తీశాను. సిస్టరుగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, "కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా?" అన్నారు. ముసలమ్మ గోడ పట్టుకుని లేచింది. కుడిచెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని, ఎడంచేత్తో గ్లాసు ముంచి తెచ్చింది. సిస్టరుగారు ఆ నీళ్ళన్నీ నిదానంగా తాగారు. గ్లాసు తిరిగిస్తూ, "నిన్న ఏ పక్కకి తిరిగి పడుకున్నారు?" అని అడిగారు. "పడుకుంటేగా తల్లీ," అంది ముసలమ్మ, అని ఏడ్చింది. నేను ఏడు వేశాను.

బయటికొచ్చాక, ఎందుకలా సున్నా అంటారండీ అని అడిగాను. "అడిగేవాడు చెప్పులిడవకుండా గుమ్మంలో నిలబడి గడియారం చూస్తుంటే, ఎవరైనా సున్నా అనే అంటారు," అన్నారు. నేను నా కాళ్ళకేసి చూసుకున్నాను. "సున్నా రాసే ముందు మంచినీళ్ళు అడుగు. వాళ్ళు లేచి తెచ్చి ఇచ్చేదాకా చూడు. తాగేటప్పుడు ఆలోచించు. నొప్పి వాళ్ళది, నీది పెన్ను మాత్రమే." ఈ మాటలు ఆవిడ ఎన్నిసార్లు అన్నారో చెప్పలేను. విసుక్కునేవాణ్ణి కూడా.

నాగాయలంక దాటి లోపలికి వెళ్తే రొయ్యల చెరువుల మధ్య ఒక చిన్న పేట ఉంది. పేటంతా క్రైస్తవులే. మాకు అక్కడ ఏడుగురు పేషెంట్లు. వాళ్ళలో సువార్తమ్మ అని ఒకావిడ, ఎడమ భుజం మీదా వీపు మీదా సర్పి వచ్చి తగ్గింది, నొప్పి మాత్రం నెలల తరబడి ఎనిమిది నుంచి దిగలేదు. ఒకసారి నేనొక్కడినే వెళ్ళాను. ఆ రోజు సిస్టరుగారు స్కానింగుకి విజయవాడ వెళ్ళారు. ఏడుగురూ సున్నా చెప్పారు. సువార్తమ్మ, "స్తోత్రం బాబూ, సున్నా. రాసుకో," అంది నవ్వుతూ. ఆవిడ జాకెట్టుకి ఎడమచెయ్యి కత్తిరించేసి ఉంది. గుడ్డ తగలకుండా కత్తిరించుకుంది. అది నేను చూశాను. చూసి కూడా సున్నా వేశాను. ఆ పేటకి బస్సు ఒక్కటే, అది వెనక్కి తిరిగే వేళయింది. మంచినీళ్ళు అడగలేదు.

ఏడు సున్నాలు చూసి బందరులో పరిశోధన నడిపే మా డాక్టరుగారు మురిసిపోయారు. మందు ఇంత బాగా పనిచేస్తుందని తాను కూడా అనుకోలేదన్నారు. ఆఫీసులో అందరికీ బందరు లడ్డూలు తెప్పించారు. సిస్టరుగారు లడ్డూ తీసుకుని కాగితం మీద పెట్టి, ఫారాలు ఒకటొకటిగా చూశారు. నన్ను పక్కకి పిలిచి, "మంచినీళ్ళు తాగావా?" అని అడిగారు. "తాగానండీ," అన్నాను. ఆవిడ నా వైపు కాసేపు చూశారు. తరవాత, "ఆదివారం ఖాళీయేనా?" అన్నారు.

ఆదివారం ఇద్దరం ఆ పేట చర్చికి వెళ్ళాం. మాది రైతు కుటుంబం, ఇంట్లో నిత్య దీపారాధన. నేను చర్చిలో కూర్చోవడం అదే మొదటిసారి. మగవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. సిస్టరుగారు గుమ్మం బయట బూట్లు విప్పారు, సాక్సులు కూడా విప్పారు. ఆ పాదాలు నేను అప్పటిదాకా చూడలేదు. వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి. గచ్చు మీద ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నారు. పాటలయ్యాయి, పాస్టరుగారు వాక్యం చెప్పడం అయింది. అప్పుడు సాక్ష్యాలు మొదలయ్యాయి. దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరే లేచి అందరి ముందూ చెప్పడం. ఒకరు కొడుక్కి ఉద్యోగం వచ్చిందన్నారు, ఒకరు పడవ మునిగినా ప్రాణం దక్కిందన్నారు. సువార్తమ్మ లేచింది. "కిందటి నెల స్వస్థత కూడికల్లో తల మీద చేతులుంచి ప్రార్థన చేసినప్పుడు నా సర్పి నొప్పి దేవుడు పూర్తిగా తీసేశాడు. ఇవాళ్టికీ లేదు. స్తోత్రం," అంది. అందరూ ఆమేన్ అన్నారు. వెనకే మా పేషెంట్లు ఇంకో ఇద్దరు లేచి అదే చెప్పారు.

ఆదివారం దేవుడి ముందూ ఊరి ముందూ తగ్గిందని చెప్పిన మనిషి, మంగళవారం నేను బస్సు దిగి వెళ్ళి అడిగితే ఎనిమిది అని ఎలా చెబుతుంది? నా ఫారం కోసం తన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటుందా? వాళ్ళెవరూ నన్ను మోసం చెయ్యలేదు. ఇచ్చిన మాట మీద నిలబడ్డారు. నేను కూడికలు ఎప్పుడు జరిగాయో కూడా తెలుసుకోకుండా వాళ్ళ ఇళ్ళ ముందు నిలబడ్డాను.

అప్పుడు సిస్టరుగారు లేచారు. గోడ ఆసరా తీసుకోలేదు.

"వందనాలండీ. నేను గుడివాడ సంఘం నుంచి వచ్చానండీ. కాన్సర్ వచ్చినప్పుడు దేవుడు నాకు ఆయుష్షిచ్చాడు. అందుకు స్తోత్రం. నా అరికాళ్ళ మంట మాత్రం ఇంకా తియ్యలేదండీ. రోజూ అడుగుతున్నాను. ఇవాళ పొద్దున ఏడుంది. ఇప్పుడు ఈ గచ్చు మీద నిలబడ్డాను కాబట్టి తొమ్మిది. తియ్యలేదని నాకు ఆయన మీద కోపం లేదు. కానీ తీసేశాడని ఆయన పేరు చెప్పి అబద్ధం ఆడలేను. నాకోసం ప్రార్థన చెయ్యండి."

ఎవరూ ఆమేన్ అనలేదు. పాస్టరుగారు వయసు మళ్ళిన మనిషి. ఆయన ఆవిడ మొహం చూడలేదు, పాదాలు చూశారు. "కూర్చోండమ్మా, కూర్చోండి," అన్నారు. తరవాత అందరి వైపూ తిరిగి, "నొప్పి ఉన్నవాళ్ళు చేతులెత్తండి. తగ్గిందని చెప్పినవాళ్ళయినా సరే, మళ్ళీ వస్తే ఎత్తండి. దేవుడికి తెలియనిదేం కాదు," అన్నారు. ఒక చెయ్యి లేచింది. ఇంకోటి. సువార్తమ్మ అందరికన్నా ఆఖరున ఎత్తింది.

ఆరాధన అయ్యాక సిస్టరుగారు మెట్ల మీద కూర్చుని సాక్సులు వేసుకుంటుంటే సువార్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఎనిమిదేనమ్మా," అంది. "ఆ రోజు నిజంగానే తగ్గింది, ఒట్టు. ఇంటికెళ్ళాక మళ్ళీ వచ్చింది. వచ్చిందని ఎవరికి చెప్పుకోను?" సిస్టరుగారు ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాట నాకు కూడా చెప్పి ఉండేదేమో, నేను కాసేపు కూర్చుని ఉంటే.

మిగతా ఆరుగురి అంకెలు కూడా ఆ మెట్ల మీదే కనుక్కుని బయల్దేరాం. తిరుగు బస్సు పులిగడ్డ వంతెన ఎక్కాక, "నేను ఆ రోజు మంచినీళ్ళు తాగలేదండీ," అన్నాను. "తెలుసు," అన్నారు. "ఆ పేటలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. తాగినవాడు ఎవడైనా ముందు ఆ మాటే అంటాడు." కిటికీలోంచి కృష్ణ వైపు చూస్తూ అన్నారు. ఇంక ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

సోమవారం డాక్టరుగారికి అంతా చెప్పాం. ఆయన ముందు కోప్పడ్డారు, తరవాత తల పట్టుకున్నారు. పైవాళ్ళకి ఉత్తరం రాయాలి, ఆ ఫారాలన్నీ పక్కన పెట్టాలి, నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. "నేర్పింది నేనండీ. వీడికి సరిగా ఎక్కలేదంటే సగం తప్పు నాది," అన్నారు సిస్టరుగారు. నేను దిద్దడానికి వైట్నర్ తీశాను. లాగేసుకున్నారు. మా పనిలో తప్పుని చెరపకూడదు. అంకె మీద ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. కొట్టేసింది కూడా చదివేవాడికి కనపడాలి. ఏడు ఫారాల మీద, ఒక్కో సున్నా మీద, ఒక్కో గీత కొట్టించారు నా చేత. మందు అంత గొప్పగా పనిచెయ్యకపోవచ్చని తేలిందిగా, మరి మనం ఇంత తిరిగి ఏం లాభమండీ అన్నాను. "పనిచెయ్యదని తెలియడం కూడా తెలియడమేగా. లేకపోతే రేపు ఎవరో డాక్టరు ఇంకో సువార్తమ్మకి ఇదే రాసిచ్చి, తగ్గి ఉండాలే అంటాడు," అన్నారు.

ఉద్యోగం పోలేదు. కానీ విజయవాడ స్కానింగు బాగాలేదు. కాన్సర్ ఎముకల్లోకి వచ్చింది. ఆవిడ ఆ తరవాత కూడా నాలుగైదు నెలలు నాతో బస్సులెక్కారు. చివరికి లేవలేక గుడివాడలో తమ్ముడుగారింట్లో మంచం పట్టారు.

ఆ తమ్ముడుగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి ఈమధ్యే రిటైరయ్యారు. అక్కడి చర్చికి సంఘపెద్ద. వాళ్ళమ్మగారు చిన్నతనంలోనే పోతే ఆయన్ని పెంచింది సిస్టరుగారే. నెమ్మదస్తుడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకునే మనిషి. రోజూ సాయంత్రం సంఘం వాళ్ళు పదిమంది వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసేవారు. నేను గురువారం గురువారం వెళ్ళేవాణ్ణి. విజయవాడ డాక్టర్లు నొప్పికి మార్ఫిన్ సిరప్ ఇచ్చి, నాలుగు గంటలకోసారి పొయ్యమన్నారు. మాస్టారు ఆ సీసా బీరువాలో పెట్టి తాళం వేశారు. పడుకునే ముందు మాత్రం, అదీ సగమే ఇచ్చేవారు. "మత్తుమందు కదండీ, అలవాటైతే కష్టం. ప్రార్థన వల్ల చాలా నెమ్మదించింది," అన్నారు నాతో.

ఇదిగో, నేను దాచుకున్న మాట ఇక్కడుంది. నెమ్మదించలేదని నాకు తెలుసు. ఒక గురువారం ఆవిడ పర్వాలేదురా అన్నప్పుడు, దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోతోంది. తరవాతి గురువారం మాట మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని, లోపల ఏదో దాటేదాకా ఊపిరి బిగబట్టారు. చూసి, బత్తాయిలు బల్ల మీద పెట్టి, వచ్చేశాను. వాళ్ళ ఇల్లు, వాళ్ళ విశ్వాసం, ఆయన అంత పెద్దమనిషి. నేనెవణ్ణి? నాది పెన్ను మాత్రమే కదా అనుకున్నాను. ఆవిడ మాటనే అడ్డం పెట్టుకున్నాను.

మూడో గురువారం సాయంత్రం నేను వెళ్ళేసరికి ప్రార్థన ముగుస్తోంది. మాస్టారు మంచానికి అవతల వైపు ఉన్నారు. "ఎలా ఉందక్కయ్యా?" అన్నారు. "పర్వాలేదురా. బాగా తగ్గింది," అన్నారు ఆవిడ. అందరూ స్తోత్రం అన్నారు. ఆవిడ నా వైపు చూశారు. ఇవతల వైపు మంచం పట్టీ మీదున్న చెయ్యి, నాకు తప్ప ఎవరికీ కనపడదు. అయిదు వేళ్ళూ తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు, ఈసారి బొటనవేలు లోపలికి మడిచి.

నేను వెళ్ళొస్తానండీ అని చెప్పి బయటపడ్డాను. అవును, అది చూశాక కూడా. బస్సెక్కి పామర్రులో దిగాను, అక్కడ బందరు బస్సు మారాలి. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. నేను ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. మిరపకాయ బజ్జీలమ్మే ఆవిడ, "ఎవరికోసం బాబూ?" అని అడిగింది. చర్చిలో అంతమంది ముందు తొమ్మిది అని చెప్పిన మనిషి, సొంత తమ్ముడి ముందు చెప్పలేక నాకు వేళ్ళతో చెప్పింది. రాసుకోమని కాదు, నా చేతిలో ఆ రోజు ఫారమే లేదు. గుడివాడ వెళ్ళే బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కాను.

తలుపు మాస్టారే తీశారు. "ఏమైనా మర్చిపోయారా అండీ?"

"తొమ్మిదండీ," అన్నాను.

"ఏమిటి?"

"అక్కయ్యగారి నొప్పి. పదికి తొమ్మిది. ఇందాక మీరు అడిగినప్పుడు నాకు చేత్తో చూపించారు."

ఆయన మొహం ఎర్రబడింది. "నా ఎదురుగా తగ్గిందని చెప్పింది. మా అక్కయ్య అబద్ధం ఆడదండీ."

"ఎవరికీ ఆడరండీ. మీకు తప్ప." అన్నాను. "మీరు నొచ్చుకుంటారని."

ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గదిలోకి వెళ్ళారు. నేను వరండాలో నిలబడి విన్నాను. ఎంతక్కయ్యా అని అడిగారు. మళ్ళీ అడిగారు. తరవాత ఆవిడ గొంతు: "తొమ్మిదిరా."

"ఎప్పట్నుంచి?"

"నీ ప్రార్థన వల్ల పెరగలేదులే. అంతకుముందు నుంచీ ఉంది." ఊపిరి తీసుకున్నారు. "నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని. నువ్వంత ఇదిగా అడుగుతుంటే, దేవుడు తియ్యలేదురా అని నీ మొహం మీద ఎలా చెప్పను?"

సర్పి పేషెంట్లు, ఆ పేట వాళ్ళు, కూచిపూడి ముసలమ్మ, అందరూ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చారు. నేను అడిగినప్పుడు ఒక్కొక్కరూ ఎవరి మొహం చూసి సున్నా అన్నారో నేనెప్పుడూ కనుక్కోలేదు.

మాస్టారు బయటికొచ్చి బీరువా తాళాలు వెతికారు. జేబులోనే ఉన్నాయి. "ఆ సీసా మొదలుపెడితే ఇంక లేవదేమోనని..." అన్నారు. బీరువా తాళం తీసి సీసాతో గదిలోకి నడిచారు, వెనకే నేనూ వెళ్ళాను.

తరవాత ఆవిడ మూడు వారాలు బతికారు. మందు ఆయుష్షు పెంచలేదు, తగ్గించనూ లేదు. నిద్రపోయారు. పెరుగన్నం అడిగి తిన్నారు. ఒక గురువారం నన్ను చూసి, "ఇవాళ మూడు. మూడంటే నాకు సెలవురోజు," అని, నా ఫారాలు తెమ్మని దిద్దిపెట్టారు. అందరూ నన్ను మంచిపని చేశావంటున్నారు. మాస్టారు సమాధి దగ్గర నా చేతులు పట్టుకున్నారు. కానీ ఆ ముందు రెండు గురువారాలు ఉన్నాయే, అవి నన్ను కూర్చోనివ్వడం లేదు. పదిహేను రోజులు ఆవిడ ఎలా భరించారో నాకు తెలుసు, ఎందుకంటే చూసి వచ్చింది నేనే. దీన్ని నేను చెరపను. ఒక గీత కొట్టి ఇక్కడ పెడుతున్నాను, చదివేవాళ్ళకి కనపడేలా.

ఆవిడని తలుచుకుంటే నాకు మొదట ఆ రాత్రే కళ్ళ ముందుకొస్తుంది. మాస్టారు సీసా మూత తిప్పి, దానితో వచ్చిన చిన్న ప్లాస్టిక్ కొలత కప్పులోకి సిరప్ వంచారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కప్పు కళ్ళ ఎత్తున పట్టుకుని, లైటు కిందికి జరిగి గీత చూశారు. ఒక చుక్క ఎక్కువైంది. వెనక్కి పోశారు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్ళీ ఎత్తి చూశారు. పెదాలు కదులుతున్నాయి, అంకెలో ప్రార్థనో నాకు తెలియలేదు. సిస్టరుగారు దిండు మీద తల ఆయన వైపు తిప్పి, నోరు కొంచెం తెరిచి, ఎదురుచూస్తున్నారు.